చేతులు కట్టుకున్న పొద్దు

పుల్లలచెరువు నుంచి ట్రాలీ ఆటో బయలుదేరిందని తమ్ముడు వెంకటేష్ ఫోన్ చేశాడు. ఇంకాసేపట్లో గొర్రెలూ మేకలూ, మందంతా వాడితో వెళ్లిపోతుంది. మందను పంపడం శ్రీశైలమ్మకు ఇష్టం లేదు. ఏం చేస్తుంది మరి? మేకలకు కొమ్మలు కొట్టబోయి తుమ్మచెట్టు మీంచి పడ్డాడు మొగుడు గురవయ్య. వెన్నుపూస దెబ్బతిని నడుం కింద స్పర్శ పోయింది. కదలకుండా పడుంటే పుండ్లు పడతాయి. అట్లాంటి మనిషిని మంచంలో వదిలి ఆమె మేపుకు పోయేదెట్లా?

"ఆస్పత్రిలో మామ తనంతట తానే మంచం మీంచి చెక్క మీద జరిగి చక్రాల కుర్చీలో కూర్చున్యాడు గదా! ఇంటికొచ్చినాక నువ్వు ఎత్తబట్టి మామ చేతులు సోమరైపోయినాయి అత్తా," అని ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు హెప్సిబా ప్రతిసారీ గొడవపడేది. శ్రీశైలమ్మకు ఒళ్లు మండేది. ఊరంతా మహాతల్లి అని పొగుడుతుంటే ఈ పిల్లదొక్కతే వంక పెట్టేది!

ఆ పొద్దునే దొడ్లో గొర్రె ఈనింది. తడితడి పిల్ల లేవబోయి తూలి పడింది. శ్రీశైలమ్మ గబుక్కున చెయ్యి చాచింది.

"ముట్టుకోబాకే! దానంతట అది లేయాల!" కొట్టం ముందు మంచంలోంచి గురవయ్య అరిచాడు. ఎత్తి నిలబెట్టిన పిల్లకు కాళ్లు గట్టిపడవని, మంద వెంట నడవలేదని అతని పట్టు. పెళ్లయిన నాటి నుంచి వింటున్న కేకే అది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. పిల్ల పడింది, లేచింది, మళ్లీ పడింది, చివరికి వెళ్లి పొదుగు అందుకుంది. శ్రీశైలమ్మ మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"మరి నిన్నెందుకు ఎత్తతాండా మామా నేను?"

ఆమె పరుగున పోయి బస్తాల వెనక పడేసిన చెక్క తెచ్చింది. కుర్చీని మంచానికి ఆనించి బ్రేకు బిగించి, నడుమ చెక్క పరిచింది. రెండు చేతులూ చంకల్లో ఇరికించుకుని నిలబడింది.

గురవయ్య పిడికిళ్లు ఆనించి లేచి కూర్చున్నాడు, చెక్క మీదికి కాస్త జరిగాడు. కాలు మంచం పట్టెకు తట్టుకుంది. ఒరిగిపోయాడు. ఆమె ఒక అడుగు ముందుకేసింది.

"రాబాకు!" అని గద్దించి, కాలును చేత్తో విడిపించుకున్నాడు. చెట్టును, చెక్కను, పుట్టించిన దేవుణ్ణి కలిపి తిట్టాడు. చెమటలు కారుతుండగా మళ్లీ జరిగాడు. ఒక్క ఊపు. కుర్చీలో పడ్డాడు!

"హోయ్!" అని అతను కొండలు మారుమోగేట్టు అరిస్తే మందంతా తలెత్తి చూసింది. శ్రీశైలమ్మ ఏడుస్తూనే నవ్వింది, ఎగిరి గంతేసినంత పని చేసింది.

అప్పుడే ఆటో దిగిన వెంకటేష్ నోరెళ్లబెట్టాడు. "ఏంది బావా ఇది?"

"ఖాళీ బండితో పో రా ఎంకటేసూ. మంద యాడికీ రాదు!" అన్నాడు గురవయ్య.

శ్రీశైలమ్మ అప్పటికే కర్ర అందుకుని తడిక తీసింది. "మామా, ఊరికే కూర్చోబాకు. పుండ్లు పడకుండా గడెగడెకూ పిర్ర పైకెత్తి దించు."

"అట్లే గానీ, నీళ్లు తెచ్చిచ్చి పోయే!"

"కుండ ఆడనే ఉండాది. నువ్వే పోయి తాగు."

గొర్రెలు బిలబిలమంటూ బయటపడ్డాయి. వెనక కుర్చీ చక్రం కిర్రుమంది. తిరిగి చూడాలని ప్రాణం లాగింది గానీ, ఆమె చూడలేదు. కుండ మీద మూత తీసిన చప్పుడు వినపడేదాకా ఆగి, మంద వెంట నడిచింది.