హేమ మాత్రలు

“ఈమధ్య నీ వంట బాగుపడింది వేణీ. కడుపులో మంటే లేదు.”

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి మా ఆయన నోట విన్న మొదటి మెప్పు అది. సిగ్గు లేకుండా పొంగిపోయాను. రావులపాలెంలో మా ఎరువుల కొట్టు ఎదురుగానే బజ్జీల బండి. రోజూ రెండు ప్లేట్లు లాగిస్తారు, గుండెల్లో మంటకి మాత్రం నా పులుసే కారణం. “అన్నం పెట్టమంటే నిప్పులు పెడతావేంటే?” అని కంచం తోసేసే మనిషి, మూడు నెలలుగా మారు అడిగి మరీ వడ్డించుకుంటుంటే పొంగనా మరి!

ఆ మూడు నెలలూ నా బెంగంతా మా హేమశ్రీ చేతుల మీదే. ఎనిమిదేళ్ళ పిల్ల, వేళ్ళకి నాలుగు పులిపిర్లు. ఆటల్లో దాని చెయ్యి ఎవరూ పట్టుకోరు. మా అత్తగారు జీడిరసం పెడితే వేలు పుండైపోయి నెల్లాళ్ళు ఏడ్చింది. రాజమండ్రిలో చర్మం డాక్టరుగారికి చూపిస్తే, ఆవిడ కాల్చకుండా ముందు మాత్రలు రాశారు. “ఇవి కడుపులో పుండ్లకి వాడేవేనమ్మా. కొందరు పిల్లల్లో నిరోధకశక్తిని కదిలిస్తాయి, పులిపిర్లు వాటంతటవే రాలిపోతాయి. అందరికీ పనిచేస్తాయని చెప్పలేను. మూడు నెలలు, రెండు పూటలా మానకుండా వెయ్యండి” అన్నారు.

పొద్దున్నే నేను స్కూల్లో పాఠాలు చెప్పడానికి పరిగెత్తాలి, సాయంత్రం ట్యూషన్లు. “మాత్రలు నేను వేస్తాలే” అన్నారు మా ఆయన. నా కాపురంలో ఆయన తనంతట తాను అందుకున్న పని అదొక్కటే. స్టాఫ్‌రూమ్‌లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

మొన్న ఆదివారం హేమా నేనూ మళ్ళీ వెళ్ళాం. నాలుగు పులిపిర్లు కాస్తా పదకొండయ్యాయి. డాక్టరుగారు వేళ్ళు తిప్పి తిప్పి చూసి, “ఇక కరెంటుతో కాల్చాలమ్మా” అన్నారు. హేమ నా కొంగు పట్టుకుని వణికిపోయింది. “మాత్రలు సరిగ్గా మింగావా తల్లీ?” అని ఆవిడ అడిగారు.

“నాకెక్కడివండీ? నాన్న వేసుకునేవారు. నాకు పటికబెల్లం పెట్టేవారు. అమ్మకి చెబితే సూదులు పొడిపిస్తుందన్నారు.”

డాక్టరుగారు నా మొహంలోకి చూస్తున్నారు, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఛీ, పసిపిల్ల మందు! కొట్టు పక్కనే మందులషాపు ఉంది కదా, కొనుక్కోడానికి ఏం రోగం? పిల్ల వేళ్ళు చూస్తూ చూస్తూ ఎలా మింగాడు? “తల్లివై ఉండి నీకు శ్రద్ధ లేదు, అందుకే తగ్గట్లేదు” అని నన్నే తిట్టాడే! పైగా నా వంట మెచ్చుకున్నాడు. ఆ ఒక్క మాటకి నేను మురిసిపోయి, ట్యూషన్ల నుంచి వచ్చి నడుం పడిపోతున్నా గారెలకి పప్పు రుబ్బాను. ఎంత పిచ్చిదాన్నమ్మా నేను!

“మందు పడనే లేదు కదా, కాల్చడం ఇప్పుడొద్దు. మొదటి నుంచి మొదలుపెట్టండి” అన్నారు డాక్టరుగారు.

ఇంటికి రాగానే ట్యూషన్లు మా వరండాలోకి మార్చేశాను. మాత్రల డబ్బా నా హ్యాండ్‌బ్యాగులోకి మారింది. డబ్బా ఏదని ఆయన అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతారు!

ఇవాళ రాత్రి హేమ మాత్ర మింగి, నోరు తెరిచి చూపించింది. ఎదురుగా భోంచేస్తున్న ఆయన రొమ్ము రాసుకుంటూ కంచం తోసేశారు. “మళ్ళీ మొదలెట్టావేంటే? పులుసులో ఇంత కారమా?”

“లేదండీ” అన్నాను, డబ్బా మూత బిగిస్తూ. “మూడు నెలలుగా మీరు మెచ్చుకున్న పులుసే. చిటికెడు కూడా మార్చలేదు. పిల్ల మాత్రలు పిల్లకి వేస్తున్నాను, అంతే.”