ఐదో కార్డు

పజిల్ మాస్టారికి ఊళ్లో మిగిలింది పోస్టుకార్డుల చుట్టరికం ఒక్కటే. భార్య పోయి తొమ్మిదేళ్లయింది. టైలరు షాపు మీద ఒంటి గదిలో ఉంటారు. ఇంటావిడ సాయంత్రం "గేటు వేశారా అండీ?" అంటుంది, ఈయన "వేశానండీ" అంటారు. ఆ రోజుకి మాటలు అయిపోయినట్టే. అందుకే వారపత్రికలో తన పజిలంటే ఆయనకి ప్రాణం.

పజిల్ సంగతి ఇదీ. ముందుగా కొన్ని ఇంగ్లీషు అక్షరాలు చెప్పేస్తారు, ఇ, ఎ, ఆర్ అనుకోండి. ఆ మూడూ అదే వరసలో వచ్చే ఐదు ఇంగ్లీషు మాటలకి తెలుగులో నిర్వచనాలు ఇస్తారు. పాఠకులు ఆ మాటలు పట్టుకుని కార్డు రాయాలి. "ఖాళీ కుర్చీల ముందు ఆడే నాటకం" అంటే రిహార్సల్. "దూరమైనదాని కోసం మనసు కొట్టుకులాడటం" అంటే యెర్న్. ఒక్కో నిర్వచనానికి మాస్టారు ఒక్కో రోజు బుర్ర బద్దలు కొట్టుకునేవారు. వచ్చే కార్డులు మాత్రం ఏటికేడు తగ్గిపోయాయి.

తప్పనిది ఒక్క ఆకుపచ్చ సిరా కార్డే. జవాబులు ఐదూ, కింద "రిటైర్డు నర్సు", ఇంటి నంబరు, వీధి. పదకొండేళ్లలో ఆవిడ ఒక్క వారం మానలేదు, ఒక్క ముక్క ఎక్కువ రాయలేదు. పజిల్ రాసేవాడు పాఠకులకి ఉత్తరాలు రాయకూడదని పాత ఎడిటరు పెట్టిన రూలు. ఆయన పోయినా మాస్టారు దాన్ని జవదాటలేదు, మహానుభావుడు!

ఇప్పటి ఎడిటరు ఆ పెద్దాయన కొడుకే. "బాబాయ్, ఏమీ అనుకోకు. పూర్తిగా నింపిన కార్డులు ఈ వారం ఐదైనా రాకపోతే ఆపేద్దాం," అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా.

మాస్టారు ఆ వారం పజిల్ రాయడానికి కూర్చున్నారు. ఆ కంగారులో జన్మలో చేయని పని చేశారు, చిన్నపిల్లలు కూడా ఇట్టే చెప్పేసే నిర్వచనాలు ఇచ్చారు. "మూడు వందల అరవై ఐదు రోజులు" అని రాశారు. "తేనె అంటే పడిచచ్చే అడవి జంతువు" అని రాశారు. "మగవాళ్ల చెంపల మీద పెరిగేది" అట! రాస్తుంటే ఆయనకే సిగ్గేసింది.

మంగళవారానికి నాలుగు కార్డులు వచ్చాయి. అన్నీ కొత్త చేతిరాతలు, అన్నీ సరైన జవాబులే. ఆకుపచ్చ సిరా లేదు. బుధవారం లేదు, గురువారమూ లేదు. గడువు శుక్రవారం. ఆ మధ్యాహ్నం వచ్చింది.

ఆవిడ ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వేసి, ఎదురుగా అంతా ఖాళీ వదిలేసింది. అడుగున నాలుగు ముక్కలు: "ఇవి మీరు రాసినవిలా లేవు. మీరే రాస్తే, ఒంట్లో బాగాలేదన్నమాట. జ్వరమా? దగ్గర ఎవరైనా ఉన్నారా?"

మాస్టారు మూడుసార్లు చదువుకున్నారు. తొమ్మిదేళ్లుగా ఆయన్ని ఈ మాట అడిగిన నాథుడు లేడు. పట్టపగలు, ఆఫీసులో, అందరి మధ్యా ఆయనకి ఏడుపొచ్చేసింది.

ప్రూఫులు దిద్దే ఆకుపచ్చ పెన్ను బల్ల మీదే ఉంది. ఐదు మాటలు నింపడం అర నిమిషం పని, పజిల్ బతికిపోతుంది. పెన్ను తీశారు కూడా. కానీ నింపిన కార్డు ఎడిటరుకి అప్పజెప్పాలి. నెలాఖరుకి అవన్నీ పాత కాగితాల్లో పోతాయి. పెన్ను మళ్లీ బల్ల మీద పెట్టేసి, కార్డు జేబులో దాచుకున్నారు.

"ఎన్నొచ్చాయి బాబాయ్?"

"నాలుగే, నాయనా."

"సారీ బాబాయ్."

"ఫర్వాలేదులే."

పోస్టాఫీసులో ఒక కార్డు కొన్నారు. ఇక పజిల్ లేదు, కాబట్టి రూలూ లేదు. బల్ల దగ్గర నిలబడి రాశారు: "నర్సమ్మగారూ, జ్వరం లేదు. దగ్గర ఎవరూ లేరు."

కింద, పదకొండేళ్లుగా ఆవిడ రాస్తున్నట్టే, తన ఇంటి నంబరూ వీధీ రాశారు.