బూడిద గుండె చప్పుడు

పెద్ద వరదకు లాయంలో తొట్లు తేలిపోయిన మరుసటి ఏడు జరిగిన సంగతి ఇది. ఆ వరదలో బూడిద అనే ఆడగుర్రం కొట్టుకుపోబోతుంటే, గుర్రాలకు నడక నేర్పే పెద్దాయన దాని మెడకు పగ్గం బిగించి, రెండో కొస తన నడుముకు చుట్టుకుని, గట్టుకు ఈడ్చుకొచ్చాడు. అప్పటినుంచి ఆ పగ్గం ఆయన భుజం మీదే ఉండేది. ఆయన దాని గదిలో అడుగుపెడితే చాలు, బూడిద చెవి కూడా ఆడించేది కాదు. జీను వేసినా, డెక్కలెత్తి గీకినా బొమ్మలా నిలబడేది. ప్రాణం పోసినవాణ్ణి మరిచిపోలేదు అనుకునేవాడు. అనుకోవడమే, పైకి అనలేదు. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే మనిషి. లాయంలో అందరూ రాయి మావ అనేవారు.

జంతువుల మనసు మీద పరిశోధన చేస్తుందట, ఒక డాక్టరమ్మ వచ్చింది. గుర్రం పొట్ట చుట్టూ బెల్టు కట్టేది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆమె చేతిలో చిన్న డబ్బా టిక్కుమనేది. భయపడితే గుండె పరిగెత్తుతుందనీ, బెదిరిన గుర్రానికి పాఠం బుర్రకెక్కదనీ చెప్పింది. అంతవరకు మావకు పేచీ లేదు. మింగుడుపడనిది వేరే ఉంది. ఆమెను వెంటబెట్టుకుని తిప్పుతున్నది ఆయన అల్లుడే. అదే లాయంలో పని. నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటివాడు డాక్టరమ్మతో గడ్డివాము పక్కన గుసగుసలాడుతున్నాడు. మావ అటు వెళ్తే చాలు, ఇద్దరూ మాట ఆపేసి గడ్డి వంక చూస్తున్నారు. ఇదేదో గూడుపుఠాణి అని మావకు అప్పుడే అనిపించింది.

త్వరలోనే బయటపడింది. పిల్లలకు స్వారీ నేర్పడానికి బూడిదను పెట్టాలని లాయం యజమానురాలి ఆలోచన. దాన్ని ఎవరి చేతికివ్వాలో డాక్టరమ్మ చెబుతుందట. బూడిదకు బెల్టు కట్టి మావను లోపలికి పంపారు. గుర్రం బొమ్మలా నిలబడింది, డబ్బా మాత్రం రేకుల మీద వడగళ్లు పడ్డట్టు టకటకలాడింది. తర్వాత అల్లుడు వెళ్లాడు. బూడిద మెడ ఊపింది, తోక విసిరింది, వాడి చొక్కా పీకింది. డబ్బా తాపీగా కొట్టింది.

"మీ దగ్గర అది బిగుసుకుపోతోందండీ. నెమ్మదిగా ఉండటం కాదది" అంది డాక్టరమ్మ.

మావ భుజం మీద పగ్గం సర్దుకుని బయటికి నడిచాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాక, ఆ డబ్బాలో ఏదో మతలబుందని భార్యతో అన్నాడు. అల్లుడు జేబులో చెయ్యి పెట్టి ఏదో నొక్కే ఉంటాడన్నాడు. ఆమె నవ్వింది.

"నీ మొహం చూసి నీ మనసులో ఏముందో నాకే ఇన్నేళ్లూ తెలిసి చావలేదు. గుర్రం మొహం చూసి నువ్వెలా కనిపెట్టావయ్యా?"

మర్నాడు అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు మావ జీన్ల గదిలోకి దూరాడు. కొక్కేనికి వేలాడుతున్న బెల్టు తీసి, మడతలు పెట్టి, తన ఛాతీకే బిగించుకున్నాడు. పైన చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. డబ్బా గూట్లో పెట్టి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. టిక్... టిక్... వయసుకు తగ్గట్టు కొట్టింది. మోసం ఇక్కడే పట్టుకోవాలనుకున్నాడు.

అంతలో అల్లుడు వచ్చి గుమ్మంలో ఆగాడు. తలెత్తలేదు.

"మావయ్యా, మీకెలా చెప్పాలో తెలీక దాస్తూ వచ్చాం. నేనడగలేదు. రేపట్నించి బూడిదను నన్నే చూసుకోమంది యజమానురాలు."

మావ రెప్ప ఆడించలేదు. చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. మొహంలో గీత కూడా మారలేదు. గూట్లో డబ్బా మాత్రం వడగళ్ల వానందుకుంది.

అల్లుడు డబ్బా వంక చూశాడు. ఖాళీ కొక్కెం వంక చూశాడు. మావ చొక్కా కింద ఉబ్బు వంక చూశాడు. వాగుడుకాయ తలుపు మెల్లగా దగ్గరకు లాగి వెళ్లిపోయాడు.

సాయంత్రం మావ తనే వెళ్లి బెల్టు డాక్టరమ్మ చేతికిచ్చాడు.

"దాన్ని నీళ్లలోంచి లాగింది నేనేగదమ్మా" అన్నాడు.

కాపాడుతున్నారని దానికెలా తెలుస్తుందండీ అందామె. ఆ నీళ్లు, మెడకు ఆ బిగింపు, ఆ పగ్గం, మీరు, అన్నీ దానికి ఒకటే అయిపోయి ఉంటాయని తన ఊహ అనీ, రుజువు చెయ్యలేననీ చెప్పింది. మళ్లీ మొదటినుంచి మచ్చిక చేసుకోవచ్చా అని మావ అడిగాడు. కొన్ని దగ్గరకొస్తాయి, కొన్ని రావు అంది. ఆ మాటలో అబద్ధం వినపడలేదు మావకు. అలాగని అనుమానం పూర్తిగా వదిలిందనీ కాదు.

మర్నాడు తెల్లారగానే పగ్గాన్ని జీన్ల గదిలో వదిలేశాడు. బూడిదకు బెల్టు కట్టమని అల్లుడికి చెప్పాడు. డబ్బా మాత్రం తన జేబులోనే వేసుకున్నాడు. దాని గది బయట బకెట్టు బోర్లించి, గుర్రం వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. జేబులో టకటకలాడుతూనే ఉంది. ఆయన వెనక్కి తిరగలేదు. ఆ చప్పుడు నెమ్మదించేదాకా కదలనన్నట్టు, పొద్దెక్కినా లేవలేదు.