హైమావతిగారి మామిడికాయ పరీక్ష

తెనాలిలో రేపల్లె బండి కదలకముందే జానీ బాషా చెప్పాల్సింది చెప్పేశాడు.

"మత్తయన్నా, రేపల్లె స్టేషన్ నుంచి పెళ్లివారి గుమ్మం దాకా బూర ఆగకూడదు. ఆగిందంటే రేపట్నుంచి అది మా బావమరిది అమీర్ భుజం మీద ఉంటుంది. నువ్వు వెనకాల తాళాలు కొడతావు."

మత్తయి తలాడించాడు. మిలిటరీ బ్యాండులో ఇరవై రెండేళ్లు బ్యాగ్‌పైపు ఊదిన మనిషి. రిటైరై వచ్చి జానీ బాషా బ్యాండులో చేరింది కూడా, చుట్టుపక్కల ఆ వాయిద్యం ఉన్న బ్యాండు అదొక్కటే కాబట్టి. ఊళ్లో అందరూ దాన్ని సంచీ బూర అంటారు. నోటితో సంచీలోకి గాలి నింపాలి, చంకలో పెట్టి నొక్కాలి. ఆ గాలి పీక గుండా గొట్టంలోకి పోయి పాటవుతుంది. సంచీ బూర ఉన్నవాడు పెళ్లికొడుక్కి ముందు నడుస్తాడు. తాళాలవాడు ఎక్కడ నడుస్తాడో ఎవరూ చూడరు.

పేచీ అంతా పీక దగ్గరే వచ్చింది.

మత్తయి తన పీకలు తనే చేసుకుంటాడు. సంగం జాగర్లమూడి కాలువ గట్టున కిక్కస రెల్లు కోసి, నీడన ఆరబెట్టి, బ్లేడుతో చెక్కుతాడు. కిక్కస పీక ఎండిపోతే పలకదు, మరీ నానితే మూగబోతుంది. పోయిన నెల బాపట్ల పెళ్లిలో ఆడపిల్లవారు వరసగా నిలబడి చింతకాయలు చీకారు. మత్తయికి నోరూరింది. ఊరిందంతా సంచీలోకి, అక్కణ్నుంచి పీకలోకి చేరింది. బూర ఈనబోయే గేదెలా ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. ఏం జరిగిందోనని పెళ్లికొడుకు కారు దిగి చూశాడు.

ఆ వారమే జానీ బాషా మద్రాసు నుంచి ప్లాస్టిక్ పీక తెప్పించాడు. ఫారిన్ సరుకు. ఒక్కటే దొరికింది.

"ఇది నానదు, ఎండదు, విరగదు" అన్నాడు.

"పలకదు కూడా" అన్నాడు మత్తయి. "దాని గొంతు వేరు భాయ్. కళ్లు మూసుకుని చెప్పమన్నా చెప్తాను ఏది ఏదో."

అలా మొదలైన వాదన ఈ పందెం దాకా వచ్చింది.

భట్టిప్రోలులో బండి ఆగితే మత్తయి టీ తాగడానికి దిగాడు. తిరిగొచ్చేసరికి జానీ బాషా కిటికీలోంచి కోసేసిన పొలాలకేసి మహా శ్రద్ధగా చూస్తున్నాడు. ఆ పొలాల్లో చూడ్డానికి ఏమీ లేదు. మత్తయి ఆ సంగతి పట్టించుకోలేదు.

మగపెళ్లివారితో కలిసి రేపల్లెలో దిగేసరికి సాయంత్రం నాలుగు. మే నెల ఎండ ఇంకా దిగలేదు. ఆడపెళ్లివారు స్టేషన్‌కే ఎదురొచ్చారు. వాళ్లకి ముందు, స్టీలు పళ్లెం పట్టుకుని పెళ్లికూతురి మేనత్త హైమావతి నిలబడి ఉంది. ఆవిడ ఎదురొస్తే ఏ ఊదుడు వాయిద్యమూ గుమ్మం చేరదని రేపల్లెలో పేరు. అప్పటికే రెండు సన్నాయిలు, ఒక క్లారినెట్టు ఆవిడ చేతిలో నోరు మూసుకున్నాయి.

పళ్లెంలో పచ్చిమామిడి ముక్కలు, ఉప్పు, కారం.

మత్తయి బూర ఎత్తాడు. మార్చింగ్ పాట అందుకున్నాడు. హైమావతి అతని మొహానికి మూరెడు దూరంలో వెనక్కి వెనక్కి నడుస్తూ మొదటి ముక్క కొరికింది. మత్తయి కళ్లు మూసుకున్నాడు. చెవులు మూసుకునే వీలు లేదు. కరకరమని ముక్క నలుగుతోంది. నోట్లో ఏరు పారింది.

ఒక సందు దాటారు. రెండో సందు దాటారు. పాట చెక్కు చెదరలేదు. మత్తయి ఛాతీ పొంగింది. ఇదీ కిక్కస అంటే, ఈ గొంతు ప్లాస్టిక్‌కి ఏడు జన్మలెత్తినా రాదు అనుకున్నాడు.

"ఏమయ్యా, నీకు నోరూరదా?" అంది హైమావతి. ఆవిడకి అది అవమానంగా ఉంది.

సంచీ నిండుగా ఉంది. చంకలో నొక్కుతూ, మత్తయి ఊదే గొట్టం వదిలేశాడు. "ఊరుతోందండి అమ్మగారూ. ఒక ముక్క ఇప్పిస్తారా?"

ఇప్పించేదాకా ఆగలేదు. తల వంచి పళ్లెంలోంచి నోటితోనే ఒక ముక్క అందుకుని నమిలాడు. పాట సాగుతూనే ఉంది.

హైమావతి కాలు నేలకి అతుక్కుపోయింది. ఊరేగింపు వచ్చి ఆవిడ దగ్గర ఆగింది.

"అందరూ చూశారుగా" అంది. " నోరు తీసినా పాటొస్తోంది. ఆ సంచీలో టేపురికార్డరుంది."

"అయ్యో, లేదండి" అన్నాడు జానీ బాషా. "మిలిటరీ బూరండి అది. విప్పక్కర్లేదండి."

"నేను విప్పమన్లేదే. విప్పక్కర్లేదని మీరే అంటున్నారంటే ఉందన్నమాట. విప్పితేగాని హారతి పట్టం."

"ఆపితే నా చోటు పోతుందండి అమ్మగారూ" అన్నాడు మత్తయి, ఊపిరికీ ఊపిరికీ మధ్య.

"వియ్యాలవారి ముందు పరువు పోతోందయ్యా, నీ చోటు సంగతి తర్వాత" అన్నాడు పెళ్లికొడుకు మేనమామ చంద్రశేఖరం. "ఆపు."

బూర ఆగింది. గుమ్మం ఇంకా ముప్పై అడుగుల దూరంలో ఉంది.

మత్తయి సంచీలోంచి పాట పలికే గొట్టం లాగి అందరికీ చూపించాడు. దాని చివర తెల్లటి ప్లాస్టిక్ పీక మెరిసింది.

"ఇదిగో, మిషను ముక్క" అంది హైమావతి. చటుక్కున పీకి గుప్పిట్లో పెట్టుకుంది.

మత్తయి జానీ బాషా వైపు తిరిగాడు. జానీ బాషా కరెంటు తీగలు చూస్తున్నాడు.

"భట్టిప్రోలులోనా?"

"టీకి దిగావు కదన్నా. మళ్లీ బాపట్ల అవుతుందేమోనని భయమేసింది."

"మరి నా పీకేది?"

జానీ బాషా చొక్కా జేబులోంచి తీసిచ్చాడు. ఇస్తూ గొంతు తగ్గించాడు. "ఒక్కమాట. రెండు సందులు వాయించావు. నువ్వూ కనిపెట్టలేదు కదా."

మత్తయి పీక లాక్కున్నాడు.

కిక్కస పీక ఆ జేబులో ఎండి పుల్లలా అయింది. మామూలుగా అయితే దాన్ని పావుగంట నోట్లో నానబెట్టాలి. ఇప్పుడంత వ్యవధి లేదు. మత్తయి చెయ్యి చాచాడు.

"అమ్మగారూ, ఇంకో ముక్క. ఉప్పు కాస్త ఎక్కువ."

హైమావతి అలవాటు కొద్దీ అద్ది ఇచ్చింది. ముక్క ఒక దవడన, పీక ఒక దవడన పెట్టి మత్తయి ఇరవై లెక్కపెట్టాడు. పీక బిగించి ఊదాడు. ముందు కీచుమంది. తర్వాత పలికింది. ఎదురుగా ఉన్నవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. మిగిలిన ముప్పై అడుగులూ అతను నోరు తియ్యకుండా వాయించాడు.

"ఇది మనిషి ఊదిందే" అని ఒప్పుకుంది హైమావతి గుమ్మంలో. "ఇందాకటిది మాత్రం మిషనే."

హారతి అయ్యాక జానీ బాషా దగ్గరికొచ్చాడు. "ఆగింది కదన్నా మరి."

"ఆగింది నీ ప్లాస్టిక్‌ది భాయ్."

జానీ బాషా తల గోక్కున్నాడు. "సరే, ఆ పందెం ఇక వదిలేద్దాం. కానీ వానాకాలానికి ఆ తెల్లదాన్ని కూడా పెట్టెలో ఉంచుకుందాం."

మత్తయి అటూ ఇటూ చూసి, "ఉంచు" అన్నాడు. రెండు సందుల సంగతి అతన్నింకా కుడుతూనే ఉంది.

దాన్ని అడిగి తీసుకురమ్మని అమీర్‌ని పంపారు. అమీర్ పది నిమిషాల తర్వాత ఒక చేతిలో లడ్డూ, రెండో చేతిలో లడ్డూతో వచ్చాడు.

"ఇవ్వదంట. కొంగున ముడేసుకుంది. రేపు అలక పాన్పు దగ్గర మగపెళ్లివారు నోరెత్తితే, మిషను పెట్టి మోసం చేశారని తీసి చూపిస్తుందంట."

లోపల్నుంచి ఫొటోకి పిలిచారు. జానీ బాషా బూర ఎత్తి మత్తయి చంకలో సర్ది, పక్కకి తప్పుకుని ముందు నడవమని దారిచ్చాడు.