తిరగడానికే పుట్టినవాడు

1978 జులై 14. ఆ రోజు వెంకటేశప్ప లెక్కల క్లాసు ఎగ్గొట్టి, ఆనేకల్ బస్టాండులో నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్నాడు. నాలుగోది నోట్లో ఉండగానే, క్లాసు ముగించుకుని వస్తున్న లెక్కల మేష్టరు దొడ్డప్ప ఎదురొచ్చాడు.

"నువ్వు తిరిగేకే పుట్టిండావప్పా. తిరుగు, బాగా తిరుగు!"

ఆ మాటను వెంకటేశప్ప దీవెనగా పుచ్చుకున్నాడు. మరుసటేడు ఐటీఐ ఫారంలో ఫిట్టరు, వెల్డరు, టర్నరు అని గళ్ళు కనిపించాయి. టర్నరంటే తిరిగేవాడేగా అని, తన ఇంగ్లీషును తానే మెచ్చుకుంటూ టిక్కు పెట్టాడు. తీరా చూస్తే లేతు మిషను మీద తిరిగేది ఇనుము. టర్నరు కదలకుండా నిలబడాలి. బెంగళూరు పీణ్యలో ఒక ఫ్యాక్టరీ షెడ్డులో నలభై ఏళ్ళు నిలబడ్డాడు.

"తిరిగే మొగుడనుకుంటే కదలని కంబం దొరికిండాది" అని భార్య భాగీరథమ్మ పోయేదాకా నవ్వుతూనే ఉంది.

ఆమె పోయిన మూడో ఏడు, ఒక ఆదివారం, ఆ దీవెనకు దండం పెట్టుకుందామని మేష్టరింటికి వెళ్ళాడు. తొంభైకి దగ్గరపడ్డ దొడ్డప్ప తలుపు తీస్తే అది మేకలా అరిచింది.

కథంతా విని ఆయన నోరు తెరిచాడు. "దీవెనా? తిట్టినానప్పా! దినానికి పదిమందిని అట్లే తిడతా ఉంటి."

"మిగతావాళ్ళు ఏమైనారు సార్?"

"ఒకడు బస్సు కండక్టరైనాడు. వాడొక్కడికే సరిగ్గా అర్థమయింది."

వెంకటేశప్ప నవ్వాడు గానీ, మొహం చిన్నబోయింది. బతుకంతా ఒక తిట్టు మీద కట్టుకున్నానే అనుకున్నాడు. ఎటు చూడాలో తెలియక తలుపు వైపు చూశాడు. కీలులోని సీల అరిగి సగమైంది. చేతులు ఊరుకోక కొలత తీసుకున్నాయి.

మరుసటి ఆదివారం కొత్త సీల తెచ్చాడు. పాత షెడ్డువాళ్ళను బతిమాలి, లేతు మీద తానే తయారుచేశాడు. దాన్ని బిగించి, మెప్పు కోసం కాసేపు నిలబడ్డాడు. నిలబడటం అలవాటే కదా. మేష్టరు కాఫీ ఇచ్చాడు, అడక్కుండానే రెండో చెంచా చక్కెర వేశాడు. మెప్పు మాత్రం రాలేదు.

"చీకటి పడతా ఉండాది, ఇంటికి పో అప్పా. యాడా తిరగొద్దు."

వెంకటేశప్ప వీధిలోకి దిగి, ఈ వయసులో సిగ్గు లేకుండా, వేపచెట్టు చాటున ఆగి చెవి రిక్కించాడు. మేష్టరు రాత్రికి తలుపు మూశాడు. చప్పుడే లేదు. కాసేపాగి, ఎవరూ చూడటం లేదనుకున్నాడు కాబోలు, ఆయన తలుపు తెరిచి మళ్ళీ మెల్లగా మూశాడు.