మున్షీ సాక్ష్యం

ఆ ఆదివారం పొద్దున మబ్బు కమ్మింది గానీ కురిసే మబ్బు కాదు. మా ఊళ్లో అట్లాంటి మబ్బును చూసి ఎవరూ నాగలి బయటికి తీయరు. గాలి లేదు. మొఘల్‌పురా గల్లీలో ఆరేసిన బట్టలు కదలడం లేదు. ఇన్‌కంటాక్సు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని వకీలు విఠల్‌రావు గారు నల్ల షేర్వానీ తొడుక్కుని వాకిట్లోకి వచ్చారు. రెండు నిమిషాలు నిలబడ్డారు. మెడ దగ్గరి గుండీలు విప్పారు. ఆఖరికి మొత్తం విప్పేసి నా చేతికిచ్చారు. నేను మడిచి టాంగా సీటు కింది పెట్టెలో పెట్టాను. ఆ రోజు జరిగిన దాంట్లో సగం ఆ ఉక్కపోత వల్ల జరిగిందే.

నేను ఆయన టాంగా తోలుతాను. పదకొండేళ్లుగా తోలుతున్నాను. గుర్రం పేరు మున్షీ. కోర్టు గుమాస్తా లాగా తల వంచుకుని, ఎవరినీ చూడకుండా నడుస్తుందని ఆ పేరు పెట్టారు. నాకు ఊళ్లో మిగిలినవి రెండు గోడలు, అన్న పెళ్లాం దెప్పుళ్లు. మున్షీ ఉన్నంత కాలం పట్నంలో నాకు పని ఉంది. అది పోతే నేనూ పోవాలి.

అది పోయే రోజు వచ్చేటట్టే ఉంది. ఆంధ్ర, తెలంగాణ కలిసిన మరుసటి ఏడు అది. మున్షీ తినే ఉలవలు, గడ్డి, దాని గిట్టలకు కొట్టే నాడాలు, నా జీతం, చక్రానికి వేసిన కొత్త పట్టీ, అన్నీ కలిపి వకాలత్ ఖర్చు కిందనే రాశారు వకీలుసాబ్. ఆదాయంలోంచి అంత ఖర్చు తీసేస్తే పన్ను తగ్గుతుంది. ఇందులో ఇంటి వాడకం ఎంత అని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఏమీ లేదని ఈయన జవాబు రాశారు. అయితే వచ్చి చూస్తామన్నారు వాళ్లు.

ముందటి రోజు నన్ను పిలిచి చెప్పారు. "కైలాసం, ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోకపోతే ఈ గుర్రాన్ని సాకుడు నాతోని కాదు. అంగట్ల అమ్మేస్త. రిక్షా ఎక్కి పోత. నిన్ను ఏం అడిగినా కోర్టు అను. ఇంకో మాట మాట్లాడకు."

మాట్లాడకపోవడం నాకు కష్టం కాదు.

ఇన్‌స్పెక్టరు పేరు రంగనాథ్. బెజవాడ వైపు మనిషి. వయసు ముప్పై ఉంటుంది. గొడుగు, చేతిసంచి, సంచిలో బైండు పుస్తకం. మంచినీళ్లు మాత్రం తాగాడు. చాయ్ వద్దన్నాడు. నన్ను పిలిచాడు.

"ఏమోయ్, ఈ టాంగా ఎక్కడికి వెళ్తుంది?"

"కోర్టుకు."

"అక్కడి నుంచి?"

"కోర్టు నుంచి ఇంటికి."

"మరి ఆదివారం?"

నేను వకీలుసాబ్ వైపు చూశాను. ఆయన ఇంటి కప్పు వైపు చూస్తున్నారు.

"కోర్టుకే," అన్నాను.

"ఆదివారం కోర్టు మూసి ఉంటుంది కదయ్యా."

వకీలుసాబ్ గొంతు సవరించుకున్నారు. "ఉంటది సాబ్. మూసి ఉందో లేదో చూసి వస్తడు. మావోడు జర నమ్మకస్తుడు."

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. పుస్తకంలో ఏదో రాశాడు. ఆ రాసే చప్పుడు వకీలుసాబ్‌కు నచ్చలేదు. ఎదుటివాడు రాస్తుంటే ఆయనకు ఆగదు, కోర్టులో కూడా అంతే. లేచి నిలబడ్డారు.

"మనిషి సాక్ష్యం మీకు నమ్మకం లేదు. మంచిది. గుర్రాన్నే అడుగుండ్రి. పగ్గాలు వదిలేస్తం. అది ఎటు పోతదో మీరే చూడుండ్రి. దానికి కోర్టు తొవ్వ తప్ప ఇంకోటి తెల్వదు."

ఇన్‌స్పెక్టరు పుస్తకం మూశాడు. గొడుగు తీసుకున్నాడు. "పదండి," అన్నాడు.

వకీలుసాబ్ ఆ మాట అంటారని నేను అనుకోలేదు. ఇన్‌స్పెక్టరు ఒప్పుకుంటాడని ఆయన అనుకోలేదు. నేను మెల్లగా, "సాబ్, షేర్వానీ..." అన్నాను.

"నిన్ను అడగలే," అన్నారు.

చెప్పులు వేసుకుంటుండగా లోపలి నుంచి రుక్మాబాయి గారు వచ్చారు. వకీలుసాబ్ ఇల్లాలు. మొగుడు ఎంత వాదిస్తే ఆమె అంత తక్కువ మాట్లాడుతుంది. నాలుగు గిన్నెల డబ్బా నా చేతికిచ్చి, "పోలెలున్నయి. చెల్లెకియ్యి," అని లోపలికి పోయింది. పూర్ణం బొబ్బట్ల డబ్బా, ప్రతి ఆదివారం ఇచ్చేదే. వద్దనడానికి నాకు అధికారం లేదు. దాన్ని వెనక సీటు దగ్గర కాళ్ల కింద పెట్టాను.

టాంగా కదిలింది. పగ్గాలు నా మోకాళ్ల మీద ఉన్నాయి. చేతులు కట్టుకుని కూర్చున్నాను. మున్షీ గల్లీ మలుపు తిరిగి, చార్మినార్ వైపు తల వంచుకుని నడిచింది. వకీలుసాబ్ తొడ మీద చెయ్యేసుకుని గెలిచినవాడిలా కూర్చున్నారు.

చార్మినార్ ఇంకా రాకముందే రామ్‌చందర్ మిఠాయి దుకాణం. మున్షీ అక్కడ ఆగింది. రామ్‌చందర్ చేతులు తుడుచుకుంటూ దిగివచ్చి దాని నోట్లో బెల్లం ముక్క పెట్టాడు.

"ఆదాబ్ వకీలుసాబ్. జిలేబీ ఇప్పుడే దించిన. ఈడ్నే తింటరా, కట్టాల్నా? బాయికి తెల్వద్దంటే ఈడ్నే తినుండ్రి."

"ఈయన నా కక్షిదారు," అన్నారు వకీలుసాబ్ ఇన్‌స్పెక్టరుతో. "దుకాణం మీద దావా ఉన్నది. గందుకే ఆగినం."

రామ్‌చందర్ చేతిలో పొట్లం అట్లాగే ఉండిపోయింది. "దావానా? నా దుకాణం మీదనా? ఎవడేసిండు సాబ్?"

"తర్వాత మాట్లాడుదాం."

"తర్వాత ఏంది సాబ్. నా తమ్ముడు వేసిండా? వాడే వేసి ఉంటడు."

బెల్లం అయిపోయింది. మున్షీ కదిలింది. రామ్‌చందర్ నాలుగు అడుగులు వెంట వచ్చి ఆగిపోయాడు. ఇన్‌స్పెక్టరు పుస్తకం తీసి ఒక గీత గీశాడు.

చార్మినార్ దగ్గర కోర్టుకు నేరుగా పోవాలి. మున్షీ ఎడమకు తిరిగింది. వకీలుసాబ్ దగ్గారు. నా వీపును వేలితో పొడిచారు. తిప్పమని. కానీ పగ్గాలు ముట్టేది లేదని ఇన్‌స్పెక్టరుకు ఇచ్చిన మాట. నేను ముట్టలేదు.

పురానాపూల్ దగ్గర, మూసీ వాసన తగిలేచోట, రుక్మాబాయి చెల్లెలు రమాబాయి కిరాయికి ఉండే ఇల్లు. మున్షీ ఆ వాకిట్లో ముక్కు పెట్టి ఆగింది. గంట కొట్టినట్టు తలుపు తెరుచుకుంది.

"ఆలస్యమైందేంది బావా? అక్క రాలే? డబ్బా ఏది?"

"డబ్బా లేదు," అన్నారు వకీలుసాబ్. "పని మీద వచ్చిన. నీ ఆస్తి కాగితాలు చూడాలె."

"ఏ ఆస్తి బావా? కిరాయి ఇల్లు ఇది. మూడు నెలల కిరాయి బాకీ కూడ ఉన్నది, అదేనా ఆస్తి?" రమాబాయి టాంగా దగ్గరికి వచ్చింది. ముక్కు ఎగబీల్చింది. "పోలెల వాసన వస్తుంది."

"పక్కింట్ల చేస్తున్నరేమో."

ఇన్‌స్పెక్టరు తన కాలు కొంచెం జరుపుకున్నాడు. డబ్బా ఇంకా వేడిగానే ఉంది. చీలమండకు ఆనుతోంది.

రమాబాయి డబ్బాను చూసింది. బావను చూసింది. కొత్త మనిషిని చూసింది. "మంచిది బావా," అని లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడు సాయంత్రానికల్లా మొఘల్‌పురాకు చేరుతుందని నాకు తెలుసు. వకీలుసాబ్‌కూ తెలుసు.

ఇన్‌స్పెక్టరు రెండో గీత గీశాడు. "చాలండీ వకీలుగారూ. ఇక తిప్పడం ఎందుకు. టాంగా పూర్తిగా సొంత ఖర్చు అని రాసేస్తాను."

వకీలుసాబ్ వాదించలేదు. అది నేను మొదటిసారి చూడడం. ఆయన ముందుకు వంగి మున్షీ వైపు చూశారు. మా ఊరి అంగడిలో ఆ చూపు చూశాను. అమ్మాలనుకున్నవాడు పశువు కళ్లలోకి చూడడు. పళ్లు, గిట్టలు, నడుము చూస్తాడు. ఆయన గిట్టలు చూస్తున్నారు.

"సాబ్," అన్నాను. "షేర్వానీ తొడుగుండ్రి."

"ఈ ఉక్కల షేర్వానీ ఏందిరా?"

"తొడుగుండ్రి."

పదకొండేళ్లలో నేను ఆయనకు రెండుసార్లు చెప్పిన మాట ఏదీ లేదు. అందుకేనేమో లేచారు. నేను పెట్టె తెరిచి షేర్వానీ తీసిచ్చాను. ఆయన నడివీధిలో నిలబడి కింది నుంచి మెడ దాకా గుండీలు పెట్టుకున్నారు. చెమట అప్పుడే కారుతోంది. మున్షీ తల తిప్పి చూసింది. దగ్గరికి వచ్చిన షేర్వానీ చేతిని వాసన చూసింది. ఒక్క నిట్టూర్పు విడిచింది. సోమవారం పొద్దున విడిచే నిట్టూర్పు అది.

ఆయన ఎక్కారో లేదో, ఎవరూ చెప్పకుండా టాంగాను వెనక్కి తిప్పింది. వచ్చిన దారినే చార్మినార్ దాకా పోయింది. రామ్‌చందర్ ఈ కొసకు వచ్చి పొట్లంతో దారి కాస్తున్నాడు.

"సాబ్, ఆ దావా సంగతి..."

మున్షీ చెవి కూడా కదపలేదు. బెల్లం చూపించాడు. చూడలేదు. పత్తర్‌గట్టి మీదుగా, మదీనా దాటి, కోర్టు గోడ పక్కన వేపచెట్టు కింద రోజూ నిలబడే చోటనే నిలబడింది. వెనక ఎడమ కాలు సగం ఎత్తి, కళ్లు సగం మూసింది. గేటుకు తాళం ఉంది. లోపలి నుంచి చౌకీదారు లేచి, "వకీలుసాబ్, ఈ రోజు ఆదివారం," అన్నాడు.

"నాకు తెలుసు," అన్నారు వకీలుసాబ్. "దానికి తెల్వది."

ఇన్‌స్పెక్టరు దిగి గుర్రం చుట్టూ ఒకసారి తిరిగాడు. జేబు గడియారం తీశాడు. "ఎంతసేపు నిలబడుతుందో చూద్దాం."

అరగంట చూశాడు. వకీలుసాబ్ మెట్టు మీద కూర్చుని చెమట తుడుచుకున్నారు. మున్షీ ఈగను తోలడానికి తప్ప కదల్లేదు.

"సాయంత్రం దాక గింతే," అన్నాను.

ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు. "షేర్వానీ వేసుకున్న రోజు కోర్టు. లేని రోజు జిలేబీ, మరదలు. అంతేనా?"

నేను వకీలుసాబ్‌ను చూశాను. "ఉన్నది చెప్పు," అన్నారు, అలసిపోయి.

"అంతే."

"సెలవుల్లో?"

"పురానాపూల్."

ఇన్‌స్పెక్టరు మెట్టు మీద వకీలుసాబ్ పక్కన కూర్చుని లెక్క వేశాడు. ఆదివారాలు యాభై రెండు. ఎండాకాలం సెలవులు, దసరా సెలవులు కలిపి ఇంకో నలభై. "వకీలుగారూ, మీరు రెండూ కలిపేశారు గానీ మీ గుర్రం కలపలేదు. మూడు పాళ్లు వృత్తి ఖర్చు ఒప్పుకుంటాను. పావు వంతు సొంతం."

"అయిదో వంతు చేయుండ్రి."

"పావు."

"దసరాకు కక్షిదార్లు కూడ వస్తరు సాబ్."

"వాళ్లు మీ ఇంటికొస్తారు. గుర్రం వాళ్లింటికి వెళ్లదు కదా. పావు."

వకీలుసాబ్ మున్షీని మళ్లీ చూశారు. ఈసారి తల నుంచి మొదలుపెట్టారు. "సరే. పావు అంటే ఒక కాలు. ఆ వెనక ఎడమది ఇంటి కింద రాసుకోండ్రి. అది ఎన్నడు పని చెయ్యలే." తర్వాత నాతో అన్నారు, "కైలాసం, రేపు పోయి ఆ కాలుకు నాడా మార్పియ్యి. అరిగింది."

అమ్మేవాడు నాడా మార్పించడు. నేను తోబ్రా సంచిలో ఉలవలు పోసి మున్షీ మూతికి కట్టాను. ముడి రెండుసార్లు వేయాల్సి వచ్చింది.

ఒంటిగంట దాటింది. మబ్బు అట్లాగే ఉంది. వకీలుసాబ్ షేర్వానీ విప్పి గోడ మీద ఆరేశారు. టాంగాలోంచి డబ్బా తీసుకురమ్మన్నారు. ఇన్‌స్పెక్టరు లేచి గొడుగు అందుకున్నాడు.

"వద్దండీ. నేను డ్యూటీలో ఉన్నాను."

"పుస్తకం మూసినరు కద. గుర్రానికి ఉన్న ఆదివారం మీకు లేదా? కూసోండ్రి. మూడు మైళ్లు కాలు కాల్చుకున్నరు దీనితోని."

ఇన్‌స్పెక్టరు తన చీలమండ చూసుకున్నాడు. గొడుగు మెట్టుకు ఆనించాడు. కూర్చున్నాడు.

నేను ఎప్పటిలాగే గుర్రానికి అవతలి పక్కకు పోబోయాను. "ఎటు పోతున్నవ్, గీడ కూసో," అన్నారు వకీలుసాబ్. డబ్బా మూత తిరగేసి అందులో రెండు పోలెలు, పులిహోర పెట్టి నా ముందుకు జరిపారు. చౌకీదారు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి పోయాడు.

ఖాళీ డబ్బా ఇంటికి చేరితే రుక్మాబాయి గారు ఏం అడుగుతారో వకీలుసాబ్‌కు తెలుసు. రమాబాయి కబురు అంతకు ముందే చేరి ఉంటుందని నాకు తెలుసు. ఎవరి పోలెలు తింటున్నాడో ఇన్‌స్పెక్టరుకూ తెలుసు. మెట్ల మీద ముగ్గురం, చెట్టు కింద మున్షీ, తల వంచుకుని తిన్నాం.