ఆగ్నేసమ్మ జడ

నేను ఒక సవరాన్ని. ఆగ్నేసమ్మ పండుగ పొద్దున, తేరు కదలడానికి కాస్త ముందు, చర్చి పెరట్లో నన్ను తలంటి ఆరవేసిన తీగ మీద నేను లేను. ఊరంతా గగ్గోలు. నేను దొరక్కపోతే ఆగ్నేసమ్మ బొమ్మ బోడి తలతో ఊరేగాలి. అది ఎంత తప్పో తెలియాలంటే ఆమె కథ తెలియాలి.

ఆగ్నేసమ్మ ఎప్పుడో రోమాపురిలో పదమూడేళ్ళ పిల్ల. పెద్దింటి కుర్రవాడు పెళ్ళాడతానని వస్తే, క్రీస్తుకు మాట ఇచ్చాను, పొమ్మంది. అధికారులు కక్షగట్టి, బట్టలు ఊడదీసి, వీధిలో నడిపించారు. అప్పుడు ఆమె జుట్టు ఉన్నపళంగా పాదాల దాకా పెరిగి ఒళ్ళంతా కప్పేసిందట. చివరకు కత్తికి మెడ వంచింది గానీ మాట తప్పలేదు. అందుకే మా ఊళ్ళో ఆమె బొమ్మకు పట్టుచీర కంటే, కిరీటం కంటే, జుట్టు ముఖ్యం.

మొదట్లో ఆ బొమ్మకు జనపనార జుట్టు ఉండేది. ఎలుకలు కొరికేశాయి. అప్పుడు జెసింత అనే పదో తరగతి పిల్ల, మోకాళ్ళు దాటే తన జుట్టు ఇస్తానని మొక్కుకుంది. కత్తిరించిన రోజంతా అద్దంలో చూసుకుని నవ్వుతూనే ఉంది. సవరాలు కట్టే అంతోనమ్మ పాయలు పాయలుగా దారానికి కట్టి నాకు ఒక రూపు తెచ్చింది.

మనుషులు చిత్రమైనవాళ్ళు. తలమీద ఉన్నంతకాలం మాకు నూనె, పూలు, సాంబ్రాణి పొగ. అన్నంలో ఒక్క వెంట్రుక కనిపిస్తే పళ్ళెం తోసేస్తారు. నన్ను మాత్రం వరసగా నిలబడి కళ్ళకద్దుకునేవారు.

ఆ మరుసటి వానాకాలం జెసింత జ్వరంతో పోయింది. నేను మిగిలాను. ఆమె తల్లి శౌరమ్మ మళ్ళీ పండుగకు రాలేదు.

ఇక ఆ పొద్దున సంగతి, నేను తర్వాత విన్నది. పాత జుట్టు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే అతను సైకిల్ మీద పోతుంటే జనం చుట్టుముట్టారు. చర్చిలో పాఠాలు చెప్పే ఉపదేశి రాయప్ప అతని సంచీ బోర్లించాడు. సగం ఊరి జుట్టు కుప్పగా పడింది.

"గోరింటాకు రంగుది మా అత్తదే," అంది ఒకావిడ నోరు జారి.

"అయితే ఆ టీగిన్నె దీంతోనే వచ్చిందా కోడలా?" అంది అత్త వెనకనుంచి.

అందరూ నవ్వుతుంటే, జుట్టు కొనే అతను మెల్లగా అన్నాడు. "చివరి వీధిలో ఒకామె పొడుగు జుట్టు కొంగులో పెట్టుకుని పోతా కనపడిందండీ. అమ్ముతావా అమ్మా అన్నా. ఆమె చూసిన చూపుకి మళ్ళీ అడగలేక తొక్కుకుంటా వచ్చేశా."

నవ్వులు ఆగాయి. అంతోనమ్మ ముందు నడిచింది. వెనక డప్పులవాళ్ళతో సహా అందరూ పరుగు.

నేను శౌరమ్మ ఒళ్ళో ఉన్నాను. ఆమె గడపలో కూర్చుని నన్ను మూడు పాయలు చేసి అల్లుతోంది. ఆ వేళ్ళు నాకు తెలుసు. ప్రతి పాయనూ కొంచెం గట్టిగా లాగుతాయి.

"శౌరమ్మా, తేరు ఆగిపోయింది. ఇచ్చెయ్యమ్మా," అన్నాడు రాయప్ప.

"ఇస్తా. అల్లనీయండి."

"వదినా, ఆగ్నేసమ్మది విరబోసిన జుట్టు," అంది అంతోనమ్మ. "జడేస్తే కథే మారిపోద్ది."

శౌరమ్మ తలెత్తలేదు. "పదమూడేళ్ళ పిల్లని జడెయ్యకుండా ఏ తల్లి వీధిలోకి పంపిద్ది వదినా?"

ఏటా ఆ కథ చెప్పే రాయప్పతో సహా, ఆ పిల్లకు ఒక తల్లి ఉండి ఉంటుందని అప్పటిదాకా ఎవరికీ తట్టినట్టు లేదు.

చర్చి గంట మోగింది. జడ సగానికి వచ్చింది. శౌరమ్మ అక్కడే ఎర్ర రిబ్బను ముడివేసి, లేచి, నన్ను తనే మోసుకొచ్చి బొమ్మ తలకు పెట్టింది. డప్పులు దద్దరిల్లాయి, తారాజువ్వలు లేచాయి, తేరు కదిలింది. రిబ్బను పైన నేను బిగువైన జడను, కింద గాలికి ఎగిరే జుట్టును. ముందు పాటలు, కొవ్వొత్తులు, పిల్లల కేకలు. వెనక శౌరమ్మ, ఊరంతా తిరిగేదాకా నా మీంచి చూపు తిప్పకుండా నడిచింది.

ఇప్పుడు చర్చిలో గాజు పెట్టెలో ఉంటాను. ఏటా తలంటినా, ఆ రిబ్బను ఎవరూ విప్పరు. శౌరమ్మ ఆదివారాలు వస్తుంది, గాజు మీద చెయ్యి ఆనిస్తుంది, వెళ్తుంది.

కింది సగం ఇంకా అల్లలేదు.